బైచుంగ్ భూటియా కెరీర్ గురించి మా గ్రౌండ్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో సాయంత్రం పూట ఓ పాతిక ముప్పై మంది పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తుంటా. వాళ్ళలో సగం మంది ఫార్వర్డే ఆడతాం అంటారు, మిగతా సగానికీ అదే కావాలి గానీ పైకి చెప్పరు. మెస్సీ, రొనాల్డో, ఎంబాపే తప్ప నాలుగో పేరు రాదు కాబట్టి నేనే ప్రతి బ్యాచ్‌లో భూటియా పేరు ఎత్తుతా, ఎత్తగానే పిల్లల నుంచీ, గట్టు మీద కూర్చున్న వాళ్ళ నాన్నల నుంచీ అవే ప్రశ్నలు, నేనూ అవే సమాధానాలు, గొంతు పోతోంది. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

అసలు ఎవరండీ ఈయన, ఒక్క ముక్కలో చెప్పండి

1995 నుంచి 2011 దాకా ఇండియా టీమ్‌కి ఆడిన ఫార్వర్డ్, చాలా ఏళ్ళు కెప్టెన్, యూరప్‌లో ఒక క్లబ్‌తో కాంట్రాక్ట్ సంతకం పెట్టిన మొదటి ఇండియన్. ఇప్పుడు సునీల్ ఛెత్రీ పేరు ఎట్టా వినపడుతోందో, ఛెత్రీ రాక ముందు పదేళ్ళు ఈయన పేరు అట్టా వినపడేది.

పేరు బైచుంగా, భైచుంగా?

రెండు రకాలుగానూ రాస్తారు, ఏది రాసినా తప్పు పట్టరు. భూటియా అనేది సిక్కింలో ఒక సమాజం పేరు, టిబెట్ వైపు మూలాలున్న వాళ్ళు, అందుకని ఆ పేరుతో ఇంకో ఆటగాడు కనపడితే ఈయన తమ్ముడేమో అనుకోకండి. మా దగ్గర ఒక పిల్లాడు ఆర్నెల్ల పాటు "బూటు అయ్యా" అనుకున్నాడు, ఫుట్‌బాల్ ఆడతాడు కాబట్టి ఆ పేరు పెట్టారట. నేను సరిచేయలేదు.

సిక్కిం కొండల్లో పుట్టినోడు ఇంత దూరం ఎట్టా వచ్చాడు?

1976 డిసెంబర్ 15న దక్షిణ సిక్కింలో టిన్‌కితమ్ అనే ఊళ్ళో పుట్టాడు, అమ్మానాన్నలు వ్యవసాయం చేసుకునేవాళ్ళు. తొమ్మిదేళ్ళప్పుడు స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా స్కాలర్‌షిప్ వచ్చింది, దాంతో గ్యాంగ్‌టాక్‌లో తాషి నామ్‌గ్యాల్ అకాడమీలో చేరాడు. అక్కడి నుంచి 1992లో సుబ్రతో కప్‌కి వెళ్ళి బెస్ట్ ప్లేయర్ అయ్యాడు. సుబ్రతో కప్ అంటే తెలియని వాళ్ళకి, అది స్కూల్ టీముల మధ్య జరిగే జాతీయ టోర్నమెంట్. అక్కడ ఆడే పిల్లల మీద పెద్ద క్లబ్బుల వాళ్ళ కన్ను ఉంటుంది. ఇండియా మాజీ గోల్‌కీపర్ భాస్కర్ గంగూలీ కంట్లో పడ్డాడు, ఆయన సాయంతో కలకత్తా దారి దొరికింది, 1993లో అక్కడి పెద్ద క్లబ్ ఈస్ట్ బెంగాల్‌లో చేరేనాటికి పదహారేళ్ళు.

ఒక్కటి గమనించండి. స్కాలర్‌షిప్, స్కూల్ గ్రౌండ్, స్కూల్ టోర్నమెంట్, చూడ్డానికి వచ్చిన ఒక పెద్ద ప్లేయర్, ఈ నాలుగూ వరసగా కుదిరాయి. మనోళ్ళు "టాలెంట్ ఉంటే ఎక్కడున్నా పైకొస్తాడు లెండి" అంటారు, ఆ మాట నేను ఒప్పుకోను. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ఊళ్ళోనే మంచి ఆటగాడుగా మిగిలిపోయేవాడేమో.

అయితే చదువు మానేశాడా?

ఈ ప్రశ్న పిల్లలు అడగరు, ఫాదర్లే అడుగుతారు, అది కూడా గొంతు తగ్గించి. అవునండీ, పదహారేళ్ళకి స్కూల్ వదిలేసి క్లబ్‌లో చేరాడు. ఈ ముక్క వినగానే మీవాడు కళ్ళు పెద్దవి చేసి మీవైపు చూస్తాడు, తెలుసు. వాడికి నేను చెప్పేది ఏంటంటే ఆయన్ని పిలిచింది ఈస్ట్ బెంగాల్, నిన్ను ఇంకా మన వార్డు టీమే పిలవలేదు, పదో తరగతి రాసిరా నాన్నా.

ఫార్వర్డ్‌గా ఆయన స్పెషాలిటీ ఏంటి? డ్రిబ్లింగా?

డ్రిబ్లింగ్ కాదు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, నాకు ఇష్టమైన టాపిక్.

మొదట్లో ఈయన ఆడింది మిడ్‌ఫీల్డ్‌లోనే, 1995లో మన దేశంలోనే జరిగిన నెహ్రూ కప్ అనే అంతర్జాతీయ టోర్నమెంట్‌లో థాయిలాండ్ మీద మొదటి ఇంటర్నేషనల్ మ్యాచ్ ఆడించినప్పుడు ఇండియాకి ఉజ్బెకిస్తాన్ కోచ్ రుస్తమ్ అక్రమోవ్ ఉండేవాడు, ఆయనే ఈయన్ని ముందుకు జరిపాడు. పెద్ద పొడగరి కాదు, కండలవాడూ కాదు. కానీ బంతి ఎక్కడ పడబోతోందో డిఫెండర్ కంటే అర సెకను ముందే తెలిసేది. బంతి కుడి వింగ్‌లో ఉంటే అందరం బంతినే చూస్తాం కదా, ఈయన అప్పటికే డిఫెండర్ వీపు వెనక్కి జారి రెండడుగులు వెనక్కి, ఒకడుగు పక్కకి, మళ్ళీ ఒక్కసారిగా ముందుకి, అట్టా ఉండేది. బాక్స్‌లో దొరికేది ఒక్క టచ్, దాన్ని గోల్ చేసేవాడు. తల కూడా బాగా వాడేవాడు, ఎత్తు వల్ల కాదు, టైమింగ్ వల్ల. సిక్కిమీస్ స్నైపర్ అని పేరు పెట్టింది అందుకే.

ఇంకోటి, పరిగెత్తడం. ఫార్వర్డ్ అంటే బంతి వచ్చేదాకా నడుము మీద చెయ్యేసుకుని నిలబడటం అని మా పిల్లల్లో చాలామంది నమ్మకం. ఈయన బంతి పోగొట్టుకున్న మరుక్షణం అవతలి డిఫెండర్ మీద పడేవాడు. మా గ్రౌండ్‌లో ఎవడన్నా నడుము మీద చెయ్యేస్తే "భూటియా" అని ఒక్క కేక వేస్తా, దానర్థం వాళ్ళకి తెలుసు.

జేసీటీ అని ఒక టీమ్ పేరు వింటాం, అదేంటి?

పంజాబ్‌లో ఫగ్వారా అని ఒక ఊరు, అక్కడ బట్టల మిల్లు వాళ్ళ టీమ్. 1995లో ఈస్ట్ బెంగాల్ వదిలి అక్కడికెళ్ళాడు. 1996-97లో మన దేశంలో మొదటిసారి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ పెట్టారు, ఆ మొదటి టైటిలే జేసీటీ కొట్టింది, లీగ్‌లో టాప్ స్కోరర్ ఈయనే, 14 గోల్స్. పక్కన ఐఎం విజయన్. కేరళ వాడు ఒకడు, సిక్కిం వాడు ఒకడు, ఆడేది పంజాబ్ మిల్లుకి. ఆ జోడీ లాంటి జోడీ మళ్ళీ మన లీగ్‌లో నేను చూడలేదు. ఎవరన్నా ఉన్నారంటే చెప్పండి, వాదించుకుందాం.

1997లో లక్ష మంది చూసిన మ్యాచ్ అంటారు, నిజమేనా?

లక్ష కాదు, 1,31,781 మంది అని లెక్క. 1997 జూలై 13, కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియం, మన క్లబ్బుల మధ్య జరిగే ఫెడరేషన్ కప్‌లో సెమీఫైనల్, ఈస్ట్ బెంగాల్‌కీ, అదే ఊళ్ళో దాని బద్ధ ప్రత్యర్థి మోహన్ బగాన్‌కీ. మనోడు అప్పటికి జేసీటీ వదిలి మళ్ళీ ఈస్ట్ బెంగాల్‌కి వచ్చేశాడు. మన ఇందిరాగాంధీ స్టేడియం నిండితేనే బందర్ రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిపోద్ది, దాన్నిబట్టి ఊహించుకోండి.

మ్యాచ్‌కి ముందు కథ ఇంకా బాగుంటుంది. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా అప్పటికి డైమండ్ సిస్టమ్ అని కొత్త పద్ధతి పట్టుకొచ్చి అందరినీ ఉతుకుతున్నాడు, ఆ ఊపులో ఈస్ట్ బెంగాల్ ప్లేయర్ల పేర్లని కూడా వెటకారం చేశాడు, భూటియా పేరు కూడా వదల్లేదు. ఈస్ట్ బెంగాల్ కోచ్ పీకే బెనర్జీ, ఆయనేం తక్కువ తిన్నాడా, ఆ వెటకారాన్నే వాడుకుని కుర్రాళ్ళని రెచ్చగొట్టాడు. మ్యాచ్ 4-1. నాజిముల్ హక్ మొదటి గోల్, బగాన్ తరఫున చీమా ఒకటి తిరిగి ఇచ్చాడు, మిగతా మూడూ భూటియావే. హ్యాట్రిక్. డైమండ్ అక్కడితో పగిలింది.

ఇక్కడ ఎవరూ చెప్పని ముక్క ఒకటుంది, ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ గోవా టీమ్ సల్గావ్‌కర్ చేతిలో ఓడిపోయింది. కప్పు రాలేదు. అయినా పాతికేళ్ళ తర్వాత కూడా సెమీఫైనల్ గురించే మాట్లాడతారు, కప్పు ఎవరిదో అడిగితే బెంగాలీ ఫ్రెండ్స్ కూడా ఒక్క నిమిషం ఆలోచిస్తారు.

ఇంగ్లండ్‌లో ఆడాడంట కదా! మాంచెస్టర్ యునైటెడ్‌లోనా?

ఇది నంబర్ వన్ ప్రశ్న. మాంచెస్టర్ కాదు బాబూ, మాంచెస్టర్ పక్కన. బెజవాడ అంటే మంగళగిరి ఎట్టాగో మాంచెస్టర్ అంటే బరీ అట్టా. బరీ ఎఫ్‌సీ అనే క్లబ్, గిగ్ లేన్ అని వాళ్ళ గ్రౌండ్. అప్పుడు ఆ టీమ్ ఉన్నది సెకండ్ డివిజన్‌లో, పేరుకి సెకండ్ గానీ పైన ప్రీమియర్ లీగ్, దాని కింద ఫస్ట్ డివిజన్, దాని కింద ఇది, అంటే మూడో మెట్టు.

అక్కడికి వెళ్ళే ముందు ఫుల్‌హామ్, వెస్ట్ బ్రామ్, ఆస్టన్ విల్లా లాంటి చోట్ల ట్రయల్స్‌కి వెళ్ళాడు, కుదరలేదు. బరీ మేనేజర్ నీల్ వార్నాక్ తీసుకున్నాడు, మూడేళ్ళ కాంట్రాక్ట్. 1999 సెప్టెంబర్ ఆఖర్లో వెళ్తే అక్టోబర్ 3న కార్డిఫ్ సిటీ మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. మొదటి గోల్ కోసం 2000 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది, చెస్టర్‌ఫీల్డ్ మీద. ఈలోపు తీసుకున్న మేనేజరే డిసెంబర్‌లో షెఫీల్డ్ యునైటెడ్‌కి వెళ్ళిపోయాడు, ఫుట్‌బాల్‌లో ఇది చాలా పెద్ద దెబ్బ, ఎందుకంటే నిన్ను నమ్మి తెచ్చినోడు పోతే కొత్తోడికి నువ్వు పాత సామాను. తర్వాత మోకాలి గాయం. తర్వాత క్లబ్‌కే డబ్బుల ఇబ్బంది. మొత్తం మీద లీగ్‌లో 37 మ్యాచ్‌లు, 3 గోల్స్. 2002లో తిరిగొచ్చేశాడు.

ఆ బరీ క్లబ్‌ని 2019లో అప్పుల కారణంగా లీగ్ నుంచే తీసేశారు, అది వేరే విషాదం.

37 మ్యాచ్‌లకి 3 గోల్స్ అంటే ఫెయిలయినట్టే కదా సార్?

ఒక తొమ్మిదో క్లాస్ కుర్రాడు అడిగాడు ఇది, మంచి ప్రశ్న. అంకెలు చూస్తే అవును. నేను దాచి చెప్పను, బరీలో ఆయన గొప్ప ఫార్వర్డ్ కాదు. అక్కడ బురద గ్రౌండ్లు, గాల్లో బంతి, రెండు మీటర్ల డిఫెండర్లు, మనోడి ఆటకి అది సరిపడే చోటు కాదు, పైగా సగం కాలం బెంచీ మీదో గాయంతోనో గడిచింది.

కానీ ఆయనకి ముందు యూరప్‌లో ఆడిన మనోడు ఎవరంటే 1936లో సెల్టిక్‌కి వట్టి కాళ్ళతో రెండు మ్యాచ్‌లు ఆడిన మహమ్మద్ సలీమ్. ఆయన ఇంటి మీద బెంగతో తిరిగొచ్చేశాడు. 1936కీ 1999కీ మధ్య అరవై మూడేళ్ళు, అంతమందిలో ఒక్కరూ లేరు. మూడేళ్ళు అక్కడ జిమ్‌లో, బురదలో, వారానికి రెండు మ్యాచ్‌ల లెక్కలో బతికినోడు తిరిగొచ్చాక మన లీగ్‌లో డిఫెండర్లు ఆపలేకపోయారు, అది కూడా లెక్కేసుకోవాలి.

నాకు మండేది ఎక్కడంటే, పత్రికల్లో ఎప్పుడు రాసినా సగం పేజీ ఇంగ్లండ్ గురించే. తెల్లోళ్ళ గడ్డ మీద కొట్టిన 3 గోల్స్‌కి ఉన్న గౌరవం జకార్తాలో కొట్టిన 9కి లేదు. కింద చదవండి.

జకార్తాలో ఏం జరిగింది?

2003 జూలై. ఆసియాన్ క్లబ్ ఛాంపియన్‌షిప్. ఆగ్నేయాసియా క్లబ్బుల టోర్నమెంట్, ఈస్ట్ బెంగాల్‌ని అతిథి టీమ్‌గా పిలిచారు. బరీ నుంచి వచ్చాక ఒక సీజన్ మోహన్ బగాన్‌లో గాయాలతో పోయింది, ఇక అయిపోయాడు అనుకున్నారు జనం, అప్పుడు మళ్ళీ ఈస్ట్ బెంగాల్‌కి వచ్చాడు. కోచ్ సుభాష్ భౌమిక్.

మొదటి మ్యాచే థాయిలాండ్ టీమ్ బీఈసీ టెరో ససానా చేతిలో 0-1 ఓటమి. ఆ టెరో అల్లాటప్పా టీమ్ కాదు, అదే ఏడాది ఆసియా ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్ళింది. తర్వాత ఫిలిప్పీన్స్ ఆర్మీని 6-0 కొట్టారు. క్వార్టర్స్‌లో ఇండోనేషియా టీమ్ పెర్సితా, సెమీస్‌లో ఇంకో ఇండోనేషియా టీమ్ పెట్రోకిమియా పుత్రా, అది పెనాల్టీల దాకా వెళ్ళి 7-6తో బయటపడింది, అంటే వాళ్ళ దేశంలో వాళ్ళ జనం ముందు రెండుసార్లు గెలిచారన్నమాట. ఫైనల్లో మళ్ళీ అదే టెరో. ఈసారి 3-1. మైక్ ఒకోరో ఒకటి, భూటియా ఒకటి, అల్విటో డికున్యా ఒకటి.

టోర్నమెంట్ మొత్తంలో భూటియా గోల్స్ 9, అందరికంటే ఎక్కువ. నన్నడిగితే ఆయన కెరీర్‌లో శిఖరం అదే. ఇరవై ఆరేళ్ళ వయసు, ఇంగ్లండ్‌లో రాటుదేలిన ఒళ్ళు, పాత కుర్రతనం వేగం ఇంకా మిగిలే ఉంది, చుట్టూ తన ఆట తెలిసిన టీమ్. మన క్లబ్ ఒకటి బయటదేశంలో ఇట్టాంటి కప్పు ఎత్తడం ఎన్నిసార్లు చూశాం చెప్పండి. గట్టు మీద కూర్చునే నాన్నల్లో ఒక్కరికీ ఈ టోర్నమెంట్ పేరు తెలియదు, అదే ఏడాది మార్చిలో క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్ మనం ఓడిన సంగతి మాత్రం బాల్ టు బాల్ చెప్తారు.

ఆ తర్వాత మలేసియాలో కూడా కొన్నాళ్ళు ఆడాడు, 2006లో మళ్ళీ మోహన్ బగాన్, 2009లో మళ్ళీ ఈస్ట్ బెంగాల్. ఈ రెండు క్లబ్బుల మధ్య తిరగడం అంటే కలకత్తాలో మామూలు విషయం కాదు, పుట్టింటికీ మెట్టింటికీ కోర్టు కేసు నడుస్తున్నప్పుడు రెండిళ్ళలోనూ భోంచేసినట్టు.

ఇండియా టీమ్‌కి ఏం సాధించి పెట్టాడు?

దక్షిణాసియా దేశాల మధ్య జరిగే శాఫ్ కప్పులు ఉన్నాయి, 2002లో వియత్నాంలో ఎల్జీ కప్ ఉంది, కానీ అసలు మాట్లాడుకోవాల్సింది 2007 నుంచి 2009 దాకా. కోచ్ బాబ్ హౌటన్, కెప్టెన్ భూటియా. 2007 నెహ్రూ కప్ ఫైనల్లో సిరియా మీద 1-0, గోల్ కొట్టింది ఎన్పీ ప్రదీప్. 2009లో మళ్ళీ అదే సిరియా, ఈసారి పెనాల్టీ షూటౌట్, గోల్‌కీపర్ సుబ్రతా పాల్ నిలబెట్టాడు. మధ్యలో 2008 ఆగస్టు 13న ఢిల్లీ అంబేద్కర్ స్టేడియంలో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ ఫైనల్, తజికిస్తాన్ మీద 4-1. ఛెత్రీ హ్యాట్రిక్, భూటియా ఒకటి. ఆ కప్పు వల్లే 1984 తర్వాత మళ్ళీ ఆసియా కప్‌కి, అంటే 2011లో ఖతార్‌కి మన టీమ్ వెళ్ళింది.

బాధేంటంటే ఆ టోర్నమెంట్ వచ్చేసరికి ఆయనకి గాయం. ఆస్ట్రేలియా మీద 0-4, బహ్రెయిన్ మీద 2-5, రెండూ బయట కూర్చుని చూశాడు, చివరి మ్యాచ్ కొరియా మీద 1-4 ఓడిన దాంట్లో ఆఖర్న కాసేపు దిగాడు. పదహారేళ్ళు ఎదురుచూసిన స్టేజీ మీద దొరికింది ఆ పావుగంటే.

ఇండియాకి మొత్తం ఎన్ని గోల్స్?

40 అని కొన్ని చోట్ల కనపడుద్ది, 27 అని కొన్ని చోట్ల. రెండు దేశాల సీనియర్ టీముల మధ్య జరిగిన అధికారిక మ్యాచ్‌లు మాత్రమే తీసుకునే లెక్క 27. పందెం కాసుకునేవాళ్ళు ముందే ఏ లెక్కో మాట్లాడుకుని కాసుకోండి, మా గ్రౌండ్‌లో దీని మీద రెండు సమోసా పార్టీలు గొడవైనాయి.

భూటియా గొప్పా, ఛెత్రీ గొప్పా?

గోల్స్ లెక్కలో పోటీయే లేదు, ఛెత్రీ 2024లో రిటైర్‌మెంట్ చెప్పేనాటికే 94, ఆ తర్వాత తిరిగొచ్చి ఇంకోటి కొట్టాడు. ఛెత్రీ పుట్టింది మన సికింద్రాబాద్‌లో, వాళ్ళ నాన్న ఆర్మీలో ఉండేవారు కాబట్టి, ఆ లెక్కన ఛెత్రీ అంటే నాకు కాస్త పక్షపాతం ఉండాలి. అయినా చెప్తున్నా, ఛెత్రీకి ముందు నడిచిన దారి ఒకటుంది, భూటియాకి అదీ లేదు. 2008 ఫైనల్ వీడియో ఎక్కడన్నా దొరికితే చూడండి, ఇద్దరూ పక్కపక్కన ఆడేటప్పుడు డిఫెండర్లని తనవైపు లాగేది ఎవరో, ఖాళీలోకి దూరేది ఎవరో కనిపెట్టండి. గోల్ కొట్టినోడి పేరు స్కోర్‌బోర్డ్‌లో పడుద్ది, లాగినోడి పేరు పడదు.

ఒలింపిక్ టార్చ్ పట్టుకోనన్నాడంట, ఎందుకు?

2008లో బీజింగ్ ఒలింపిక్స్ ముందు టార్చ్ ఢిల్లీ వచ్చింది, పట్టుకుని పరిగెత్తమని ఈయన్ని పిలిచారు, టిబెట్ ప్రజలకి సంఘీభావంగా నేను పట్టుకోను అన్నాడు. బౌద్ధుడు, సిక్కిం వాడు. మన గుంటూరు జిల్లా వాళ్ళకి ఇది అర్థం కావడం తేలికే, 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర చేసినప్పుడు ఆ కొండల నుంచి ఎంతమంది వచ్చారో చూశాం కదా, ఎరుపు వస్త్రాల భిక్షువులు గుంటూరు బస్టాండ్‌లో మిరపకాయ బజ్జీలు తింటూ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నాకింకా గుర్తుంది. వాళ్ళకి ఆ విషయం ఎంత లోతుదో అప్పుడే తెలిసింది. మంచిదో చెడ్డదో మీ ఇష్టం, కానీ ఒప్పుకుంటే ఫొటో, కాదంటే తలనొప్పి అని తెలిసీ కాదన్నాడు.

డాన్స్ షోలో గెలిచింది ఈయనేనా?

ఈయనే. ఝలక్ దిఖ్లా జా మూడో సీజన్, 2009. ప్రాక్టీస్ మానేసి డాన్సులేంటని అప్పటి క్లబ్ మోహన్ బగాన్‌తో గొడవ కూడా అయింది. మా ఇంట్లో ఆడవాళ్ళకి ఈయన తెలిసింది దీనివల్లే, జకార్తా గురించి నేను ఇరవైసార్లు చెప్పినా గుర్తులేదు.

రిటైర్‌మెంట్ మ్యాచ్ బేయర్న్ మ్యూనిక్ మీద అన్నది నిజమా?

నిజం. 2011 ఆగస్టులో ఇండియాకి ఆడటం మానేస్తున్నా అని ప్రకటించాడు, 2012 జనవరి 10న ఢిల్లీ నెహ్రూ స్టేడియంలో వీడ్కోలు మ్యాచ్, అవతల బేయర్న్. 0-4 ఓడారు. ఎవడన్నా వీడ్కోలు మ్యాచ్‌కి తేలికైన టీమ్‌ని పిలిపించుకుని ఒక గోల్ కొట్టి దండలేయించుకుంటాడు, ఈయనకి దొరికింది జర్మన్ డిఫెన్స్. క్లబ్ ఫుట్‌బాల్ విషయానికొస్తే యునైటెడ్ సిక్కిం అని సొంత రాష్ట్రంలో టీమ్ పెట్టాడు, అప్పట్లో దేశంలో పై మెట్టు లీగ్ అయిన ఐ-లీగ్ దాకా ఎక్కింది, ఒక్క సీజన్‌కే కిందకి జారింది.

రాజకీయాల్లోకి వెళ్ళాడు కదా, ఏమైంది?

ఓడాడు. 2014లో డార్జిలింగ్ లోక్‌సభ తృణమూల్ తరఫున, దాదాపు 2 లక్షల తేడా. 2016లో సిలిగురి అసెంబ్లీ, అదీ పోయింది. 2018లో హమ్రో సిక్కిం అని సొంత పార్టీ, తర్వాత దాన్ని ఇంకో పార్టీలో కలిపేశాడు, 2024లో సిక్కింలో మళ్ళీ ఓడి ఇక ఎన్నికలకి దండం అన్నాడు. పెనాల్టీ బాక్స్‌లో ఎక్కడ నిలబడాలో అంత బాగా తెలిసినోడికి ఇక్కడ ఒక్కసారీ తెలియలేదు.

ఫెడరేషన్ ఎలక్షన్‌లో మన ఆంధ్రా వాళ్ళు ఈయన్ని నిలబెట్టారంట?

ఇది చాలామందికి తెలియదు, అడిగినందుకు థాంక్స్. 2022 ఆగస్టులో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్‌ని సస్పెండ్ చేసింది, పది పన్నెండు రోజుల్లో ఎత్తేసింది, సెప్టెంబర్ 2న అధ్యక్షుడి ఎన్నిక. భూటియా పోటీ చేశాడు. ఆయన పేరుని ప్రతిపాదించింది మన ఆంధ్రా అసోసియేషన్ అధ్యక్షుడు కొసరాజు గోపాలకృష్ణ, బలపరిచింది రాజస్థాన్ అధ్యక్షుడు మానవేంద్ర సింగ్. అవతల మాజీ గోల్‌కీపర్ కల్యాణ్ చౌబే. ఫలితం 33-1.

ఒక్క ఓటు. ప్రతిపాదించినోళ్ళు ఒకరు, బలపరిచినోళ్ళు ఒకరు, వచ్చింది ఒకటి, మిగతా లెక్క మీరే వేసుకోండి, రహస్య బ్యాలెట్ కాబట్టి నేను నోరెత్తను. ఓటేసింది రాష్ట్ర సంఘాలు, ఆడే పిల్లలు కాదు, ఆటగాళ్ళు కాదు. పిల్లలకి ఓటుంటే మా గ్రౌండ్ నుంచే ముప్పై పడేవి.

అసలు ఆటగాళ్ళ తరఫున మాట్లాడటం ఈయనకి కొత్త కూడా కాదు, 2006లోనే ఫుట్‌బాల్ ప్లేయర్స్ అసోసియేషన్ మొదలైనప్పుడు ముందు నిలబడింది ఈయనే. జీతాలు ఆగిపోయిన ప్లేయర్లు, గాయమైతే పట్టించుకోని క్లబ్బులు, ఇట్టాంటివి అప్పటిదాకా ఎవరూ గట్టిగా అడిగేవాళ్ళు కాదు.

అవార్డులు?

అర్జున 1998, పద్మశ్రీ 2008.

విజయవాడ నుంచి ఆయన ఊరు వైపు వెళ్ళి చూడొచ్చా?

భేషుగ్గా. మన జంక్షన్ మీదుగా గువాహటి వెళ్ళే రైళ్ళు న్యూ జల్పాయిగురి మీద నుంచే పోతాయి, అక్కడ దిగి షేర్ జీపులో నామ్చి, ఘాట్ రోడ్డు, వాంతులయ్యే వాళ్ళు నిమ్మకాయ పెట్టుకోండి. నామ్చిలో ఆయన పేరు మీదే స్టేడియం ఉంది. బతికుండగా ఒక ఫుట్‌బాలర్ పేరు స్టేడియానికి పెట్టడం మన దగ్గర ఊహించండి, మనకి స్టేడియం అంటే మీటింగులకి షామియానా వేసే చోటు.

మావాడు కూడా ఫార్వర్డే అంటున్నాడు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

బంతి లేకుండా. నవ్వకండి. మా దగ్గర కొత్తగా చేరినోడికి మొదటి వారం బంతి ముట్టుకోనివ్వం, కుడి వింగ్ నుంచి ఒకడు క్రాసులు వేస్తుంటాడు, కొత్తోడి పని ఆ బంతి ఎక్కడ పడుద్దో గాల్లో ఉండగానే నోటితో చెప్పడం, "ముందు", "వెనక", "మధ్య" అని. మూడో రోజుకి విసుగొస్తుంది, నాలుగో రోజు ఏడుస్తారు, ఐదో రోజు కొందరు రారు. ఆరో రోజు వచ్చినోళ్ళు చెప్పింది పదిసార్లలో ఆరుసార్లు కరెక్ట్ అవుతుంటే వాళ్ళకే ఆశ్చర్యమేసి అప్పుడు పరిగెత్తడం మొదలెడతారు. బంతి అప్పుడిస్తాం. షూలు కొనే ముందు సైజు మాత్రం సాయంత్రం పూట చూసుకోండి, పొద్దున కొన్నవి ఎండలో ఆడాక బిగుసుకుపోతున్నాయని ప్రతి ఏటా ఇద్దరు ముగ్గురు మళ్ళీ కొంటున్నారు.